పేరు చెప్పని స్మృతికావ్యం

ముందు స్క్రీన్ మీదున్న ఈ బొమ్మ చూడండి. నడుం దాకా బట్టలు లేకుండా నిలబడ్డ ఒకావిడ. మెడలో పెద్ద పెద్ద పూసల దండ. ఒక చెయ్యి పొట్ట మీద, ఇంకో చెయ్యి పొట్ట కింద. చూడగానే గర్భిణి అనుకుంటాం. కానీ 1906లో తన బొమ్మ తానే ఇలా వేసుకునేనాటికి ఆవిడ గర్భిణి కాదు. ముప్ఫయ్యేళ్ల వయసులో, తన ఆరో పెళ్లిరోజున వేశానని బొమ్మ మీదే రాసుకుంది. కింద సంతకం పి.బి. అంటే పౌలా బెకర్. పెళ్లిరోజున వేసిన బొమ్మ మీద భర్త ఇంటిపేరు లేదు!

ఆ భర్త ఒట్టో మోడెర్జోన్. జర్మనీలో బ్రెమెన్ దగ్గర వోర్ప్స్‌వేడె అనే పల్లెలో చిత్రకారులంతా చేరి ఉండేవాళ్లు. ఆయన వాళ్లలో ఒకడు, అప్పటికే పేరున్నవాడు. కవి రిల్కె ఆ ఊరి చిత్రకారుల మీద 1903లో ఓ పుస్తకం వేశాడు. ఐదుగురి గురించి రాశాడు, ఐదుగురూ మగవాళ్లే. పౌలా అతనికి 1900 నుంచే స్నేహితురాలు. అయినా ఆ ఐదుగురిలో లేదు.

1906 ఫిబ్రవరిలో ఇల్లొదిలి పారిస్ వెళ్లబోతూ ఆమె రిల్కెకి ఒక ఉత్తరం రాసింది. చివర ఏ పేరుతో సంతకం చెయ్యాలో తెలియడం లేదట. నేను మోడెర్జోన్‌ని కాను, ఇప్పుడు పౌలా బెకర్‌ని కూడా కాను, నేను నేనే, ఇంకా ఇంకా నేనవ్వాలని నా ఆశ, అంటుంది. మూడు నెలలకే ఇందాకటి బొమ్మ.

డబ్బులకి మాత్రం ఇబ్బందే, భర్త పంపితేనే గడిచేది. 1907లో తిరిగి అతని దగ్గరికే వచ్చేసింది. ఆ నవంబర్ 2న కూతురు పుట్టింది. కాన్పయ్యాక పౌలాని ఎక్కువగా మంచంలోనే ఉంచారు. 18 రోజులకు లేచి నిలబడింది, రక్తపు గడ్డ అడ్డుపడి అక్కడికక్కడే పోయింది. వయసు 31. వేసిన పెయింటింగులు 700కు పైనే, బతికుండగా అమ్ముడైనవి మూడో నాలుగో.

ఏడాది తిరిగేసరికి పారిస్‌లో రిల్కె కూర్చుని మూడు రోజుల్లో ఆమె మీద ఓ పెద్ద స్మృతికావ్యం రాశాడు. శీర్షికలో 'స్నేహితురాలు' అని ఉంటుంది. కవితంతా 'నువ్వు' అని ఉంటుంది. పేరు ఎక్కడా రాదు.

అయినా సరే, ఇందులో పళ్ల గురించిన భాగం కోసం నేను ఈ కవితకి చాలా క్షమించేస్తాను. గిన్నెల్లో పెట్టిన పళ్ల బరువుని రంగులతో తూచావు అంటాడు. అద్దం ముందు నిలబడి నిన్ను నువ్వే ఒక పండులా చూసుకున్నావు, 'ఇది నేను' అనలేదు, 'ఇది ఉంది' అన్నావు, అంటాడు. ఇప్పుడు మళ్లీ ఆ పూసల దండ బొమ్మ చూడండి. ఆ కళ్లలో సిగ్గూ లేదు, గొప్పా లేదు. ఆమె బొమ్మల గురించి ఇంతకంటే బాగా చెప్పిన మాట నేను చదవలేదు.

బొమ్మలు వదిలి ఆమె బతుకులోకి వచ్చేసరికి మాత్రం గొంతు మారిపోతుంది. మగవాడి మీద నేరం మోపుతాడు. ఒక్కడి మీద కాదు, అతనిలో మగవాళ్లందరి మీదా. మరి తమరో? రిల్కె భార్య క్లారా వెస్ట్‌హోఫ్ శిల్పి, పౌలాకి ప్రాణస్నేహితురాలు. పాపాయి పుట్టాక ఏడాది తిరక్కుండానే కాపురం చెదిరి ఆయన పారిస్ వెళ్లాడు. కవితలో క్లారా ఊసే లేదు.

ఆ లోటు పట్టుకున్నది అమెరికన్ కవయిత్రి ఏడ్రియన్ రిచ్, 1970లలో. ఆమె కవితలో మాట్లాడేది పౌలాయే, వినేది క్లారా. కడుపుతో ఉన్న పౌలా తన కల చెబుతుంది: నేను కాన్పులో పోయానట, రైనర్ నా మీద పొడుగాటి అందమైన కవిత రాశాడట, నన్ను తన స్నేహితురాలన్నాడట. నేను నీ స్నేహితురాలిని కదా, అంటుంది క్లారాతో. రైనర్ అంటే రిల్కెయే. శీర్షికలో ఇద్దరి పేర్లూ ఉంటాయి, రెండూ పుట్టింటి ఇంటిపేర్లతో.

ఇక చివరి బొమ్మ. అదే 1906లో పారిస్‌లో పౌలా వేసిన రిల్కె ముఖం, పూర్తి కాలేదు. పెద్ద నుదురు, నల్లటి కళ్లు, సగం తెరిచిన నోరు.