చిన్న హోమ్ చూడటానికి వెళ్తే ఆయమ్మతో మాట్లాడండి

అందరికీ నమస్కారం.

ఈ హాల్లో అమ్మానాన్నల కోసం వృద్ధుల హోమ్ వెతుకుతున్నవాళ్లున్నారు, తమ కోసమే వెతుక్కుంటున్నవాళ్లూ ఉన్నారు. ఆ రెండోవాళ్లు వచ్చినందుకు నాకు ఎక్కువ సంతోషం. మన దగ్గర ఈ వెతుకులాట మామూలుగా తుంటి ఎముక విరిగాక మొదలవుతుంది. ఒకపక్క డిశ్చార్జి టెన్షన్, ఇంకోపక్క అమెరికా నుంచి వచ్చిన కొడుకు సెలవు అయిపోతుంటుంది. ఆ హడావిడిలో మంచి చోటు ఎవరు చూస్తారు? మంచం ఖాళీగా ఉన్న చోట చేర్చేస్తారు.

నేను మాట్లాడబోయేది చిన్న హోమ్‌ల గురించి. హైదరాబాద్ కాలనీల్లో ఒక ఇండిపెండెంట్ ఇల్లు అద్దెకు తీసుకుని ఎనిమిది మందినో, పన్నెండు మందినో చూసుకుంటారే, అవి. మన 2007 నాటి వయోవృద్ధుల చట్టం ఆదరణ లేని పేదవాళ్ల కోసం జిల్లాకొక ఆశ్రమం గురించి చెప్పినప్పుడు, కనీసం 150 మందికి చోటుండాలంది. ప్రభుత్వ లెక్క అలాగే ఉంటుంది, తప్పనను. కానీ అంతమందిలో ఒక పెద్దాయన రెండు రోజులుగా సరిగా తినడం లేదని ఎవరు గమనిస్తారు?

అమెరికాలో బిల్ థామస్ అనే డాక్టరు ఈ సంగతే పట్టుకున్నారు. ఆయన ఆలోచనతో 2003లో మిసిసిపీ రాష్ట్రంలోని టుపెలో ఊళ్లో గ్రీన్ హౌస్ అనే పేరుతో చిన్న ఇళ్లు కట్టారు. ఇంటికి పది మంది. ఎవరి గది వాళ్లది, అందరికీ కనిపించేలా వంటగది, భోజనానికి ఒకటే పెద్ద బల్ల. నాకు అన్నిటికన్నా నచ్చింది పనివాళ్ల ఏర్పాటు. వండేదీ, తినిపించేదీ, స్నానం చేయించేదీ ఆ కొద్దిమందే. అన్నం కంచంలో మిగిలిపోవడం చూసిన మనిషే, స్నానం చేయించేటప్పుడు నడుం దగ్గర చర్మం ఎర్రబడటం కూడా చూస్తుంది. బెడ్‌సోర్, అంటే మంచం మీదే ఉండిపోవడంతో పడే పుండు, అలా మొదట్లోనే దొరికిపోతుంది.

అంటే చిన్న హోమ్‌కి అసలు బలం రోజూ అవే మొహాలు కనిపించడం. మనుషులు నెలనెలా మారిపోతుంటే పది మంచాల ఇల్లు కూడా చిన్న సైజు హాస్పిటల్ వార్డే. పైగా చిన్నచోట ఇంకో చిక్కుంది. ఉన్నదే ఇద్దరు ఆయాలైతే, ఒకామె ఊరెళ్తే సగం స్టాఫ్ లేనట్టే. ఆ రోజు ఎవరొస్తారని ఓనర్‌ని అడగండి. "మేమే చూసుకుంటామండీ" అన్నది సమాధానం కాదు. పేరు చెప్పమనండి.

హోమ్ చూడటానికి వెళ్లినప్పుడు ఓనర్ చూపించే టీవీ, కొత్త సోఫా చూడండి, పర్వాలేదు. తర్వాత ఆయమ్మ దగ్గర కాసేపు కూర్చోండి. "ఇక్కడ ఎన్నాళ్లుగా ఉన్నావమ్మా?" అని అడగండి. ఎదురుగా కూర్చున్న మామ్మగారికి కాఫీ ఎలా ఇష్టమో అడగండి. "ఆవిడకి షుగరండీ, అయినా అర చెంచా వేయమని గొడవ చేస్తుంది" అని నవ్వుతూ చెప్పిందనుకోండి, నా దృష్టిలో ఆ హోమ్ సగం పాసైనట్టే. రిజిస్టర్ చూసి చెబుతానంటే ఇంకో హోమ్ చూడండి.

రెండోసారి చెప్పకుండా వెళ్లండి, రాత్రి భోజనాల వేళ అయితే మంచిది. స్టాఫ్ తొందరగా ఇళ్లకు వెళ్లాలని సాయంత్రం ఆరింటికే అందరికీ ఇడ్లీ పెట్టి పడుకోబెట్టే చోట్లున్నాయి. పొద్దున్న దాకా ఆ షుగర్ పేషెంట్ల గతి ఏమిటి? రాత్రి డ్యూటీ మనిషి మేలుకుని ఉంటుందా, తలుపు వేసుకుని పడుకుంటుందా, తెలుసుకోండి. పెద్దవాళ్లు చీకట్లో బాత్రూమ్‌కి లేచినప్పుడే చాలాసార్లు పడుతుంటారు. అందుకని బాత్రూమ్ కూడా చూడండి. కమోడ్ పక్కన పట్టుకోవడానికి రాడ్డు ఉండాలి, వీల్‌చైర్ పట్టేంత తలుపుండాలి, లోపల గడియ పెట్టుకున్నా బయటినుంచి తీయగలగాలి. ఇల్లంతా ఫినాయిల్ ఘాటుగా కొడుతుంటే, అది మీరొస్తున్నారని కడిగిందో, ఏదైనా కప్పెట్టడానికి కడిగిందో ఆలోచించండి.

డబ్బు విషయం తొందరగా చెప్పేస్తాను. డైపర్లు, మందులు, ఫిజియోథెరపీ నెల ఫీజులోనా, విడిగానా? డిపాజిట్ ఎప్పుడు, ఎంత తిరిగిస్తారు? అన్నీ కాగితం మీద ఉండాలి.

దూరం గురించి నాది మొండి అభిప్రాయం. ఊరి బయట తోట మధ్య అందమైన హోమ్ కన్నా, వారానికి రెండుసార్లు వెళ్లి రాగలిగే మేనకోడలి ఇంటికి దగ్గర్లో ఉన్న మామూలు హోమే నయం. ఎవరో ఒకరు వస్తూపోతూ ఉంటారని తెలిసిన చోట పని కొంచెం జాగ్రత్తగా జరుగుతుంది. విదేశాల్లో ఉన్న పిల్లలు వీడియో కాల్ చేస్తారు, మంచిదే. కానీ దుప్పటి కింద ఏముందో ఫోన్‌లో కనిపించదు కదా.

అందరూ అడగడానికి మొహమాటపడే ప్రశ్న ఇంకొకటుంది. "ఏ పరిస్థితి వస్తే తీసుకెళ్లిపొమ్మంటారు?" నడిచినన్నాళ్లూ ప్రేమగా చూసి, మంచం పట్టాకనో, మతిమరుపు ముదిరి రాత్రిళ్లు అరుస్తున్నప్పుడో ఇంటికి పంపేసేవాళ్లున్నారు. ఆక్సిజన్ పెట్టాల్సివస్తే ఉంచుతారా? చివరి రోజులు అక్కడే గడపనిస్తారా? చేర్చకముందే అడగండి, వీలైతే వెళ్లబోయే ఆ పెద్దాయన ముందే. బాధపడతారని దాస్తాం గానీ, చాలామంది ఆ సంగతి మనకంటే ముందే ఆలోచించి పెట్టుకుంటారు.

చేరాక ఏదైనా తేడా వస్తే పెద్దల హెల్ప్‌లైన్ 14567 ఉంది, రాసుకోండి. ఇక ప్రశ్నలు అడగండి, ముందుగా వెనక వరసలో ఉన్న పెద్దవాళ్లకు మైకు ఇవ్వండి.