జోడీ తెచ్చి పెడితే జంట అయిపోదు

అందరికీ నమస్కారం. జూలో పులి ఎన్‌క్లోజర్ దగ్గర కాసేపు నిలబడండి, ఎవరో ఒకరు కచ్చితంగా అంటారు, "అయ్యో పాపం ఒక్కతే ఉంది, దీనికో జోడీ తెచ్చి పెట్టొచ్చు కదా" అని. మంచి మనసుతోనే అంటారు. కానీ పులి అడవిలో కూడా ఒంటరిగానే బతుకుతుంది, ఆడపులి ఎదకొచ్చిన కొద్ది రోజులే మగపులి తోడుంటుంది, తర్వాత దేని దారి దానిదే.

2019 ఫిబ్రవరిలో లండన్ జూలో జరిగింది చెప్తా. మెలాటి అని సుమత్రా ఆడపులి, దానికోసం డెన్మార్క్ నుంచి ఆసిమ్ అనే మగపులిని తెచ్చారు. పది రోజులు పక్కపక్కన ఉంచారు, ఒకదాన్నొకటి చూసుకున్నాయి, వాసన పట్టాయి, అంతా బాగానే ఉందనిపించి మధ్య తలుపు తీశారు. మొదట్లో ఆచితూచి దగ్గరకొచ్చాయి, అంతలోనే కొట్లాట ముదిరిపోయింది, సిబ్బంది పెద్ద పెద్ద శబ్దాలు చేసి విడదీయాలని చూసినా మెలాటి ప్రాణం దక్కలేదు. అదే ఆసిమ్‌కి తర్వాత గైషా అనే ఆడపులితో కుదిరింది, 2022 జూన్‌లో మూడు పిల్లలు పుట్టాయి. ఆసిమ్‌ని క్రూరమైనదని అప్పట్లో తిట్టినవాళ్ళున్నారు, అది అన్యాయం. దేనికి ఎవరితో కుదురుతుందో తలుపు తీసేదాకా ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు.

జూల వాళ్ళకి స్టడ్‌బుక్ అని ఉంటుంది, ఏ జంతువు ఎప్పుడు పుట్టింది, తల్లీతండ్రీ ఎవరు, ఏ జూ నుంచి ఏ జూకి వెళ్ళింది అన్నీ రాసుంటాయి. మనం గోత్రాలు చూసుకున్నట్టే అందులో దగ్గర రక్తం కాని జోడీ వెతుకుతారు, ఎందుకంటే ఉన్నవి కొన్నే, వాటిలోనే మళ్ళీ మళ్ళీ కలిపితే పిల్లలు బలహీనమవుతాయి. ఇది అవసరమే, కాదనను. కాకపోతే పుస్తకంలో కుదిరిన సంబంధం ఆ జంతువుకి నచ్చాలిగా!

వాల్‌నట్ అనే ఆడకొంగ కథ నాకు చాలా ఇష్టం. వైట్ నేప్డ్ క్రేన్ అని మన సారస కొంగల చుట్టం, మంగోలియా, చైనా, కొరియా వైపు ఉంటాయి, అడవుల్లో మిగిలినవి కొన్ని వేలే. వాల్‌నట్ 1981లో అమెరికాలో విస్కాన్సిన్‌లోని క్రేన్ ఫౌండేషన్‌లో పుట్టింది, మనుషుల చేతుల్లో పెరిగింది, దాంతో తను కూడా మనిషి జాతే అనుకుంది పాపం, మగ కొంగని దగ్గరికి రానిచ్చేది కాదు. 2004లో వర్జీనియాలోని స్మిత్‌సోనియన్ సంస్థ కేంద్రానికి వచ్చాక అక్కడి కీపర్ క్రిస్ క్రోని చూసి అది తల ఊపడం, నాట్యం మొదలుపెట్టింది. కొంగల్లో అది జత కోరుకునే పద్ధతి. ఆయన చూసి నవ్వి వదిలేయలేదు, తనూ తల ఊపాడు, చేతులు రెక్కల్లా ఆడించాడు, గూటికోసమని గడ్డి పరకలు ఏరి ఇచ్చాడు. ఏళ్ళ తరబడి! ఆ నమ్మకం కుదిరింది కాబట్టే దాన్ని గట్టిగా పట్టుకోకుండా, బెదరగొట్టకుండా కృత్రిమ గర్భధారణ చేయగలిగారు. ఎనిమిది పిల్లలు పుట్టాయి, గుడ్లని వేరే కొంగ జంటలు పొదిగి పెంచాయి. 2024 జనవరిలో చనిపోయేటప్పటికి దానికి 42 ఏళ్ళు. పిల్లల్ని మనుషులే పెంచితే ఎంత పెద్ద చిక్కు వస్తుందో కూడా ఇందులోనే ఉంది, అందుకే ఇప్పుడు కొన్ని చోట్ల కీపర్లు కొంగ వేషం వేసుకుని మరీ మేత పెడతారు.

సిడ్నీ అక్వేరియంలో స్ఫెన్, మ్యాజిక్ అని రెండు జెంటూ పెంగ్విన్లు, రెండూ మగవే. ఒకదానికొకటి గులకరాళ్ళు తెచ్చిచ్చుకుని గూడు కట్టాయి, 2018లో వాటికి ఓ గుడ్డు ఇస్తే వంతులేసుకుని పొదిగి పిల్లని పెంచాయి. 2024 ఆగస్టులో స్ఫెన్ చనిపోయింది, మ్యాజిక్‌ని తీసుకెళ్ళి చూపించారు, తోడు ఇక రాదని దానికి తెలియాలి కదా, లేకపోతే వెతుక్కుంటూనే ఉంటుందని. మ్యాజిక్ గొంతెత్తి కూయడం మొదలెట్టింది, మిగతా గుంపంతా గొంతు కలిపింది. దాన్ని ఏడుపు అనాలో ఇంకేమనాలో సైన్స్ వాళ్ళు జాగ్రత్తగా మాట్లాడతారు, నా మటుకు నేను దుఃఖమనే అంటాను.

మన దగ్గరకొస్తే, హైదరాబాద్ నెహ్రూ జూలో, అంతరించిపోతున్న జంతువుల మీద పరిశోధన చేసే లాకోన్స్ ల్యాబ్ వాళ్ళతో కలిసి మూషిక జింకల్ని, అదే మౌస్ డీర్‌ని పెంచి అమ్రాబాద్ అడవిలో వదిలారు. అది రాత్రిపూట తిరిగే పిరికి ప్రాణి, ఈనిన కొద్ది గంటల్లోనే మళ్ళీ జతకడుతుంది, పెంగ్విన్‌లా కాపురం చెయ్యదు. విశాఖ జూలో రేచుకుక్కలున్నాయి, అంటే అడవికుక్కలు, వాటి పద్ధతి ఇంకో రకం, గుంపులో ఎక్కువగా ఒక పెద్ద జంటకే పిల్లలు, మిగతావన్నీ ఆ పిల్లలకి తిండి కక్కి పెడతాయి. అందుకని రేచుకుక్కని జంటగా ఉంచితే సరిపోదు, గుంపు కావాలి. పులికి తలుపు వెనక ఏకాంతం కావాలి. కొంగకైతే వీలైనంతవరకు ఒక్క మగదాన్నే కాకుండా రెండు మూడింటిని చూపించి ఏది నచ్చుతుందో దాన్నే ఎంచుకోనివ్వాలి. దీనికి జాగా కావాలి, కీపర్లు ఏళ్ళ తరబడి అదే జంతువు దగ్గర ఉండాలి, కాబట్టి జూలకి డబ్బు ఇచ్చేటప్పుడు కొత్త జంతువు కొనడం కన్నా ముందు కీపర్ల ఉద్యోగాలు పర్మనెంట్ చెయ్యాలని నేను అడుగుతున్నాను. ప్రశ్నలుంటే ఇప్పుడు అడగండి.