చీకట్లో దాచేసిన రాకాసి

హోస్ట్: నమస్తే, బెజవాడ నుంచి మాట్లాడుతున్నాం. ఈ రోజు నాతో మా బాబాయ్ ఉన్నారు. గాంధీనగర్‌లో ఒక సినిమా హాల్లో ముప్పై ఏళ్లు ప్రొజెక్టర్ ఆపరేటర్‌గా చేశారు. బాబాయ్, 2019లో వచ్చిన ‘గాడ్జిల్లా: కింగ్ ఆఫ్ ది మాన్‌స్టర్స్’ గురించి మాట్లాడాలి. ఆ బాధ నాకింకా పోలేదు.

బాబాయ్: అంత బాధేంట్రా?

హోస్ట్: గిడోరా అనే మూడు తలల రాకాసికీ గాడ్జిల్లాకీ పోరు. పదిహేడు కోట్ల డాలర్లకు తక్కువ కాని సినిమా. అక్క కొడుకుని తీసుకుని త్రీడీకి వెళ్లాను. అంటార్కిటికాలో మంచు తుఫాను, బోస్టన్‌లో కుండపోత వాన. గిడోరా ఎక్కడుంటే తుఫాను అక్కడే, కథే అది, ఒప్పుకుంటాను. కానీ రెండూ కలియబడితే మెడ ఏదో తోక ఏదో తెలియలేదు. వాడికి అప్పుడు ఏడేళ్లు. “మామయ్యా, ఇప్పుడు ఎవరు కొడుతున్నారు?” అని మూడుసార్లు అడిగాడు. చెప్పలేకపోయాను. కళ్లద్దాలు తీసి చూశా. బొమ్మ రెండుగా కనబడింది గానీ, వెలుగు మాత్రం పెరిగింది!

బాబాయ్: పెరగదూ మరి! తెర వెలుగుని ఫుట్-ల్యాంబర్ట్‌లలో కొలుస్తారు. మామూలు ఆటకి తెర మీద అవి 14 ఉండాలని డిజిటల్ సినిమాకి లెక్క ఉంది. త్రీడీలో కళ్లద్దాలు దాటి కంటిదాకా వచ్చేది చాలాచోట్ల నాలుగో అయిదో. దానికి తోడు ప్రొజెక్టర్‌లో పాత ల్యాంపు. గ్జెనాన్ ల్యాంపు గంటలు పెరిగేకొద్దీ మందగిస్తుంది. ఒక్కరోజులో తగ్గదు కాబట్టి రోజూ చూసేవాడికి తేడా తెలియదు. మా రోజుల్లో ల్యాంపు బదులు కార్బన్ కడ్డీలు. రెండు కడ్డీలు ముట్టించి కాస్త ఎడం చేస్తే మంట పుట్టేది. కాలేకొద్దీ ఆ ఎడం పెరిగిపోతుంది, జరుపుతూనే ఉండాలి. కాస్త ఏమరితే బొమ్మ మసకబారేది, కింద ఈలలు మొదలయ్యేవి. ఇప్పుడు ఈల వేసేవాడే లేడు.

హోస్ట్: కానీ తప్పంతా హాలుది కాదు బాబాయ్. తర్వాత ఇంట్లో టీవీలో, కిటికీలకి దుప్పట్లు కట్టి మరీ చూశా. అదే మసక. వాన, పొగ, చీకటి ఉంటే గ్రాఫిక్స్‌లో అతుకులు కనబడవంటారు. అతుకుతో పాటు బొమ్మ కూడా పోతే ఎలా?

బాబాయ్: చీకటిని తిట్టకు. చీకటిని చూపించడం ఒక పని, చీకట్లో దాచడం ఇంకో పని. ‘మాయాబజార్’లో కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ తీసిన వెన్నెల చూడు. 1957, నలుపు తెలుపు. రాత్రేనని తెలుస్తుంది, ముఖాలూ కనబడతాయి, నీళ్ల మీద మెరుపూ కనబడుతుంది. ‘జురాసిక్ పార్క్’కి మా హాల్లో రీళ్లు ఎక్కించింది నేనే. అదీ రాత్రే, అదీ వానే. పిల్ల టార్చి వేస్తే కారు అద్దానికి అవతల ఆ టీ-రెక్స్ కన్ను, కనుపాప చటుక్కున ముడుచుకుంటుంది. కేబిన్ కిటికీలోంచి ప్రతి ఆటా చూసేవాణ్ని. తడిసిన చర్మం మీద వెలుగు పడి జంతువు అంచు మొత్తం తెలిసేది. వెలుగు ఎక్కడినుంచి వస్తోందో ముందే అనుకుని తీశారు.

హోస్ట్: ఇదే నేను అనేది! ‘గాడ్జిల్లా మైనస్ వన్’ ఉంది కదా, 2023లో జపాన్ వాళ్లు తీసింది. బడ్జెట్ ఒకటిన్నర కోటి డాలర్లు కూడా కాలేదని దర్శకుడే అన్నాడు. 2024లో విజువల్ ఎఫెక్ట్స్‌కి ఆస్కార్ వచ్చింది. అందులో నడిసముద్రంలో, పట్టపగలు, చిన్న చెక్క పడవని గాడ్జిల్లా తరుముతుంది. నీళ్లపైన తల ఒక్కటే, కళ్లు వీళ్లమీదే. ఎండలో చూస్తుంటే ఒళ్లు జలదరించింది. డబ్బు లేక చీకటి చేశారంటే నమ్మను ఇక.

బాబాయ్: పిల్లాడికి చూపించావా?

హోస్ట్: చూపించా. వాడికిప్పుడు పన్నెండు దాటాయి. ఈసారి ఎవరు కొడుతున్నారని అడగలేదు. ఆపమని, టీవీ దగ్గరికి వెళ్లి, వీపు మీద ముళ్లు వేలితో లెక్కపెట్టాడు.

బాబాయ్: రికార్డింగ్ అయ్యాక ఆ పడవ సీను నాకూ పెట్టు. ఫోన్లో కాదు, టీవీలో.