రెక్క ఈడ్చుకుంటూ పరుగెత్తిన పిట్ట

అందరికీ నమస్కారం. పిలిచిన నిర్వాహకులకు, సెలవు రోజు పొద్దున్నే వచ్చిన మీకు కృతజ్ఞతలు. తీరపక్షుల ఫోటోలు ఎలా తీయాలో, ఏ లెన్సు వాడాలో చెప్పమన్నారు. చెప్తాను. దానికంటే ముందు ఒక ఫోటో సంగతి చెప్పాలి.

ఒకసారి ఇసుక మీద బోర్లా పడుకుని, పాకుతూ కెంటిష్ ప్లోవర్ దగ్గరికి వెళ్లాను. గుప్పెడంత పిట్ట. ఉన్నట్టుండి ఒక రెక్క వాల్చి, ఈడ్చుకుంటూ నా ముందు పరుగెత్తింది. దెబ్బ తగిలిందనుకున్నాను. అరగంట వెంటపడి తీశాను. 'గాయపడినా ఓడని పక్షి' అని కింద రాసి పోటీకి పంపితే బహుమతి వచ్చింది.

దానికి ఏ గాయమూ లేదు. గూటి నుంచి నన్ను దారి మళ్లించడానికి అలా చేసింది. గూడంటే ఇసుకలో చిన్న గుంట, అంతే. అందులో మామూలుగా 3 గుడ్లు, ఇసుక రంగులోనే మచ్చలతో. అడుగు వేసేదాకా కనబడవు. ఎండకు గుడ్లు కాగిపోకుండా ఈ పిట్టలు పొట్ట ఈకలు నీళ్లలో తడుపుకొచ్చి మరీ కూర్చుంటాయి. ఆ అరగంట ఆ గుడ్ల మీద ఎవరున్నారండీ? ఎవరూ లేరు. నా వల్ల లేరు.

తెలిశాక పోటీ పెట్టినవాళ్లకు రాశాను. 'ఫోటో బాగుంది కదా, వదిలేయండి' అన్నారు. ఆ మాట నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. బ్రిటన్‌లో హేస్టింగ్స్ పరిసరాల్లో 1892 నుంచి 1930 వరకు చూశామని రాసిన అరుదైన పక్షుల రికార్డులను, మోసం జరిగిందని తేలి, 1962లో పెద్దఎత్తున రద్దు చేశారు. వాటిలో నిజమైనవి ఉన్నా ఇక నమ్మేదెవరు? మనం ఫోటో కింద రాసే ఒక్క వాక్యం కూడా రికార్డే.

లెన్సుల దగ్గరికి వస్తున్నాను, ఒక్క నిమిషం. 2022లో బార్-టెయిల్డ్ గాడ్‌విట్ అనే తీరపక్షి ఒకటి, 5 నెలల వయసుది, అలాస్కా నుంచి ఆస్ట్రేలియాలోని టాస్మానియాకు 11 రోజుల్లో 13,560 కిలోమీటర్లు ఎగిరింది. మధ్యలో ఎక్కడా దిగలేదు. ఇలాంటి పక్షులు సముద్రం పోటు మీదున్న వేళ ఒడ్డున గుంపుగా చేరి కునుకు తీస్తుంటే, ఎగిరే ఫోటో కోసం వాటి మీదికి పరుగెత్తేవాళ్లను మీరూ చూసే ఉంటారు. వెనక కూర్చున్న పిల్లలూ, మీరెవరూ ఆ పని చేయకండి. పక్షి మేత ఆపి తలెత్తిందా, అక్కడే ఆగండి. అరుస్తోందా, వెనక్కి రండి. పోటు ఎక్కే ముందే వెళ్లి ఒకచోట కదలకుండా కూర్చుంటే, అవి మేసే బురద నేల నీట మునిగేకొద్దీ అవే మీవైపు వస్తాయి. గూడు కనిపిస్తే ఆ చోటు ఎవరికీ చెప్పకండి.

ఆ బహుమతి ఫోటో ఈ స్లైడ్లలో లేదు. మొదటి స్లైడ్ ఇది. ముక్కు వీపు ఈకల్లో దాచుకుని ఒంటికాలిపై నిద్రపోతున్న గాడ్‌విట్. దూరం నుంచి తీశాను కాబట్టి చిన్నగా ఉంది. నేను లేచి వచ్చేటప్పటికి ఇంకా నిద్రపోతూనే ఉంది.