హన్నా పెదవులు

ప్రభువైన యేసుక్రీస్తు నామమున ఈ కూటానికి వచ్చిన మీ అందరికీ నా వందనములు. వేదిక మీద ఉన్న దైవజనులకు, ఏర్పాట్లన్నీ భుజాన వేసుకున్న యౌవనస్థులకు, పాటలు నడిపించిన సహోదరీ సహోదరులకు నా కృతజ్ఞతలు. “దేవుడు నన్ను ఇలాగే ఎందుకు నిర్మించాడు?” అనే అంశాన్ని నాకు అప్పగించారు. మూడు భాగాలుగా సిద్ధపడి వచ్చాను. అయితే ఇందాక సాక్ష్యాల సమయంలో ఒక అమ్మాయి మైకు ముందుకు వచ్చి, రెండు మాటలు చెప్పి, మూడవది చెప్పలేక తిరిగి వెళ్లి కూర్చున్నప్పుడు, “ఆత్మతో నిండినవారికి నోరు దానంతట అదే తెరుచుకుంటుంది” అని ఎవరో అనడం నా చెవిన పడింది. అన్నవారిని నొప్పించడం నా ఉద్దేశం కాదు. వారు ప్రేమతోనే అని ఉంటారు. కాని ఆ మాట విన్న తరువాత, సిద్ధపరచుకున్న మూడు భాగాలలో రెండింటిని మూసి పక్కన పెట్టాను.

ఎందుకంటే ఆ మాట నేను నా 19వ ఏట విన్నాను. అది ఒక ఉపవాస ప్రార్థన. వరుసగా ఒక్కొక్కరు గొంతెత్తి ప్రార్థిస్తున్నారు. నా వంతు వచ్చినప్పుడు నేను తల వంచుకొని మనసులోనే ప్రార్థించాను. నాకు తెలిసిన ప్రార్థన అదే, చిన్నప్పటి నుంచీ అదే. కొంతసేపు ఎదురుచూసిన తరువాత, వాక్యం చెప్పడానికి వచ్చిన పెద్దాయన నా దగ్గరికి వచ్చి, నా తలపై చేయి వేసి, మార్కు సువార్త 9వ అధ్యాయంలోని మూగ దయ్యాన్ని గురించిన వచనాన్ని చదివి, నన్ను విడిచి పొమ్మని దానికి ఆజ్ఞాపించారు. చుట్టూ ఉన్నవారు స్తోత్రం, స్తోత్రం అంటున్నారు. నేను అరిచాను. విడుదల పొంది అరవలేదు, వారు ఆపుతారని అరిచాను. మరుసటి ఆదివారం సంఘంలో నా విడుదలను గురించి సాక్ష్యం చెప్పారు. ఆ సాక్ష్యం చెప్పింది నేను కాదు.

ఆ తరువాత 11 సంవత్సరాలు నేను ఇతరుల గొంతుతో ప్రార్థించాను. ఎవరి ప్రార్థనకు ఎక్కువమంది ఆమేన్ అంటారో వారి మాటలను, వారి వేగాన్ని, చివరికి వారు ఊపిరి తీసుకునే తీరును కూడా నేర్చుకున్నాను. ప్రార్థన ముగించి కూర్చున్నప్పుడు, నేను ఇంకా దేవునితో మాట్లాడనేలేదని నాకు తెలుస్తూ ఉండేది. ఇది చెప్పుకోవడానికి ఈ వయసులో కూడా నాకు కష్టంగానే ఉంది.

నాకు మొదటి సమూయేలు గ్రంథం మొదటి అధ్యాయం తెలియక కాదు. ఆదివారపు బడిలో ఎన్నోసార్లు చెప్పిన కథే. పిల్లలు లేని హన్నా షిలోహు మందిరంలో బిడ్డ కోసం ప్రార్థిస్తున్నది. ఆమె పెదవులు మాత్రమే కదులుతున్నాయి, స్వరం వినబడడం లేదు. యాజకుడైన ఏలీ ఆమె నోటిని కనిపెట్టి చూచి, “ఎంతవరకు నీవు మత్తురాలవై యుందువు?” అని అడిగాడు. దయచేసి ఇక్కడ ఆగి ఆలోచించండి. మందిరంలోనే జీవితమంతా గడిపిన వృద్ధ యాజకునికి, తన కళ్లెదుట జరుగుతున్నది ప్రార్థన అని తెలియలేదు. తాను ఎరిగిన రూపంలో అది లేదు కాబట్టి దానిని మత్తు అనుకున్నాడు. దేవుడు మాత్రం విన్నాడు. ఏలీని గురించి ఒక మంచి మాట కూడా చెప్పాలి: ఆమె జవాబు విన్నప్పుడు అతడు తన పొరపాటును పట్టుకొని వేలాడలేదు, “నీవు క్షేమముగా వెళ్లుము” అని ఆశీర్వదించాడు. నా తలపై చేయి వేసిన పెద్దాయన నన్ను ఒక్క ప్రశ్న అడిగి ఉంటే బాగుండేదని నేను చాలా సంవత్సరాలు అనుకున్నాను.

రెండవ అధ్యాయంలో హన్నా నోరు తెరిచి పాడింది, ఆ పాట పది వచనాలు ఉంది. సమయం వచ్చినప్పుడు ఆమె పాడింది. పాడించడానికి ఎవరూ ఆమెలో నుంచి దేనినీ వెళ్లగొట్టలేదు. మూడవ అధ్యాయం చూడండి. రాత్రివేళ యెహోవా పిలుపును విన్నది ఏలీ కాదు, స్వరం వినబడకుండా ప్రార్థించిన ఆ తల్లి కన్న బిడ్డ సమూయేలు.

ఇప్పుడు 139వ కీర్తనకు రండి. “నా అంతరింద్రియములను నీవే కలుగజేసితివి” అని 13వ వచనం. మూలభాషయైన హీబ్రూలో అంతరింద్రియములు అన్నచోట ఉన్న మాటకు అసలు అర్థం మూత్రపిండాలు. హెబ్రీయులు మనిషి కోరికలకు, బాధలకు, లోలోపలి తలంపులకు అవే స్థానమని భావించేవారు. అంటే ఈ కీర్తన పాడిన దావీదు కన్నును, చేతిని, కాలిని ముందు చెప్పలేదు. ఎవరికీ కనబడని లోపలి మనిషిని, దేనికి సంతోషిస్తామో దేనికి వెనుకాడుతామో ఆ మనసును, మొదట దేవుని చేతిపనిగా చెప్పాడు. 15వ వచనంలో “విచిత్రముగా నిర్మింపబడిన” అని చదువుతాము. అక్కడి హీబ్రూ మాట రంగు రంగుల దారాలతో చేసే కుట్టుపనికి సంబంధించినది. నిర్గమకాండము 26:36లో గుడారపు ద్వారానికి వేసే తెరను కుట్టే పనివానికి కూడా అదే ధాతువు నుంచి వచ్చిన మాటనే వాడారు. అంతటి శ్రద్ధతో తన నివాసస్థలానికి తెర కుట్టించిన దేవుడు మీ నెమ్మదిని, మీ ఉత్సాహాన్ని, మీ నిదానాన్ని, మీ తొందరను చూడకుండా కుట్టాడని అనుకుంటున్నారా?

“మరి ప్రాచీనస్వభావమును వదలుకొనవలెనని వాక్యమే చెబుతున్నది కదా” అని మీలో కొందరు అడుగుతారు. అడగాలి కూడా. మన తెలుగు క్రైస్తవులను చాలా తికమకపెట్టిన చోటు ఇదేనని నేను నమ్ముతాను. ఎఫెసీ పత్రిక 4వ అధ్యాయంలో స్వభావము అని తెలుగులోకి వచ్చిన చోట గ్రీకులో ఉన్న మాటకు అర్థం మనిషి. పాత మనిషి, కొత్త మనిషి అని ఆ పత్రిక రాసిన అపొస్తలుడైన పౌలు అన్నాడు. ఇంట్లో మనం స్వభావం అన్న మాటను వేరుగా వాడతాము: “వాడి స్వభావం మెతక”, “ఆమె స్వభావం చురుకు” అంటాము. అందుకే ఆ వచనం చదవగానే మెతకదనాన్నీ చురుకుదనాన్నీ విడిచిపెట్టాలని వినబడుతుంది. పౌలు ఆ పాత మనిషిని ఎలా వర్ణించాడో చూడండి: “మోసకరమైన దురాశవలన చెడిపోవు” అన్నాడు. ఆ వెంటనే విడిచిపెట్టవలసినవి ఏవో చెప్పాడు: అబద్ధం, దొంగతనం, దుర్భాష, ద్వేషం, కోపం, క్రోధం, దూషణ. ఆ వరుసలో మౌనం లేదు; ఎక్కువగా నవ్వడం, ఒంటరిగా ఉండాలనుకోవడం కూడా అందులో లేవు.

కాబట్టి కోపంతో ఇల్లు వణికించి, “దేవుడు నన్ను ఇలాగే చేశాడు” అనేవారికి ఈ ప్రసంగంలో ఆశ్రయం దొరకదు. నాకూ దొరకదు. మాట్లాడవలసిన చోట భయపడి నోరు మూసుకొని, దానికి నెమ్మది అని పేరు పెట్టుకున్న సందర్భాలు నాకు ఉన్నాయి. అది పాపమే, దానికి క్షమాపణ అడగవలసిందే. అదే 139వ కీర్తన “దేవా, నన్ను పరిశోధించి నా హృదయమును తెలిసికొనుము” అనే ప్రార్థనకు వచ్చి ఆగుతుంది. నిర్మించినవాడే పరిశోధించాలి. ఆ పని పొరుగువాడు తన కొలతకర్రతో చేయకూడదు.

పేతురును గురించి ఒక మాట చెప్పి ముందుకు వెళ్తాను. తోటలో కత్తి దూసిన ఆ తొందరను ప్రభువు గద్దించాడు. అయితే పెంతెకొస్తు దినాన పదకొండుమందితో లేచి నిలబడి బిగ్గరగా మాట్లాడినవాడు ఆ పేతురే, ఆ దినమే సుమారు 3000 మంది చేర్చబడ్డారు. కత్తిని ఒరలో పెట్టమన్న ప్రభువు పేతురును అతని సహోదరుడైన అంద్రెయగా మార్చలేదు. మోషే సంగతీ అంతే: నోటి మాంద్యము, నాలుక మాంద్యము గలవాడనని మొరపెట్టినప్పుడు, “మానవునికి నోరిచ్చినవాడు ఎవడు?” అని దేవుడు అడిగాడు, ఆ నోటికి తాను తోడై ఉంటానన్నాడు, పక్కన అహరోనును నిలబెట్టాడు. ఆ మాంద్యాన్ని తీసివేసినట్టు అక్కడ రాయలేదు.

నా 11 సంవత్సరాలు ఎలా ముగిశాయో చెప్పకుండా వెళ్లలేను. సంఘంలో ఒక తల్లి తన కొడుకును పోగొట్టుకున్నది. మేము ఏడుగురం వెళ్లాము. ఒకరి తరువాత ఒకరు ఆదరణ వాక్యాలు చెప్పి, ప్రార్థించి లేచారు. నా దగ్గర చెప్పడానికి ఏమీ లేదు. అందరూ వెళ్లిపోతుంటే నాకు లేవబుద్ధి కాలేదు, ఆమె పక్కన కూర్చుండిపోయాను. చీకటి పడింది. చాలాసేపటికి ఆమె, వాడు చిన్నప్పుడు ఏ పక్కకు తిరిగి పడుకునేవాడో చెప్పడం మొదలుపెట్టింది. యోబు స్నేహితులు ఏడు పగళ్లు ఏడు రాత్రులు మాట్లాడకుండా అతనితో నేలమీద కూర్చున్నారని, వారు నోరు తెరిచిన తరువాతే దేవుని కోపానికి గురయ్యారని నాకు ఆ రాత్రి గుర్తుకు వచ్చింది. ఇంటికి వెళ్లి, 19 ఏళ్లప్పటిలాగే, తల వంచుకొని మనసులో ప్రార్థించాను.

కాపరులారా, పెద్దలారా, మిమ్మల్ని చేతులు జోడించి అడుగుతున్నాను. “శరీరమంతయు కన్నయితే వినుట ఎక్కడ?” అని పౌలు కొరింథు సంఘాన్ని అడిగిన ప్రశ్నను మన కూటాలలో కూడా అడగండి. మాట్లాడని పిల్లల మీద దయ్యపు వచనాలు చదవకండి. తల్లిదండ్రులారా, అక్కలా పాడడం లేదని చెల్లెలిని, తమ్ముడిలా కుదురుగా కూర్చోలేదని అన్నను దేవుని పేరు చెప్పి సిగ్గుపరచకండి. ఇందాక రెండు మాటలు చెప్పి కూర్చున్న అమ్మా, ఆ రెండు మాటలూ నేను విన్నాను. అది పూర్తి సాక్ష్యమే.

నాకు ఇచ్చిన సమయం అయిపోయింది. ముగింపు ప్రార్థన నన్నే చేయమన్నారు, కాని నేను మైకులో నడిపించను. ఐదు నిమిషాలు ఉన్నాయి. గొంతెత్తి ప్రార్థించే అలవాటు ఉన్నవారు గొంతెత్తే ప్రార్థించండి, ఎవరి కోసమూ తగ్గించుకోకండి. మిగిలినవారు మీకు తెలిసినట్టుగానే ప్రార్థించండి. మీ పక్కవారికి ఏమీ వినబడనవసరం లేదు. ఇప్పుడు మైకు ఆపమని సహోదరుని కోరుతున్నాను.