సెకనులో 60వ వంతు

అందరికీ నమస్కారం. పిలిచిన నిర్వాహకులకు కృతజ్ఞతలు. పాత ఆటల ప్రదర్శన కాబట్టి జ్ఞాపకాల గురించి మాట్లాడమన్నారు. జ్ఞాపకాలు మీ అందరి దగ్గరా ఉన్నాయి, వాటికి నా ప్రసంగం అక్కర్లేదు. 1991లో కాప్‌కామ్ తెచ్చిన, ఇద్దరు తలపడే ఫైటింగ్ ఆట స్ట్రీట్ ఫైటర్ 2, దాన్ని ఇవాళే మొదటిసారి ముట్టుకున్న కుర్రాణ్ణి కూడా ఎందుకు పట్టి నిలబెడుతుందో చెప్తాను. మూడు సంగతులు అనుకుని వచ్చాను: ఆటలో దూరం, ఆటలో సమయం, ఆ రెండూ చెడకుండా కాపాడుకోవడం.

దూరంతో మొదలుపెడదాం. తెర 384 చుక్కల వెడల్పు, 224 చుక్కల ఎత్తు. ఒక స్టిక్, ఆరు బటన్లు: మూడు పంచ్‌లు, మూడు కిక్‌లు, తేలిక నుంచి బలమైన దాకా. పక్కకు తప్పుకునే దారి లేదు. ముందుకు, వెనక్కి, పైకి, అంతే. లోతు లేకపోవడం పాతకాలపు లోటు అనేవాళ్లున్నారు. కాదండీ, ఆట బలమంతా అక్కడే ఉంది. పక్కదారి లేదు కాబట్టే ప్రతి చుక్కకీ విలువ వచ్చింది. ఆటలోని పాత్ర ర్యూ కూర్చుని కొట్టే మీడియం కిక్ ఎంతవరకు అందుతుందో ఆట తెలిసిన కంటికి గీత గీసినట్టు కనబడుతుంది. ఆ గీతకు అవతల నిలబడితే కిక్ గాల్లోకి పోతుంది. చాచిన కాలు వెనక్కి తీసుకునేలోపు ఆ కాలినే కొట్టొచ్చు. బాగా ఆడేవాళ్లు ముందుకూ వెనక్కీ ఊగుతుంటే చూసేవాళ్లకి ఏమీ జరగనట్టే ఉంటుంది. కానీ ఆ నాలుగు చుక్కల జాగా కోసమే పోరాటమంతా.

ర్యూ చేతుల్లోంచి విసిరే ఫైర్‌బాల్, హడోకెన్ సంగతి చూడండి. స్టిక్ కిందికి, అక్కణ్ణించి కింద-ముందు మూలకి, ఆ పైన ముందుకి జార్చి, ముందుకు చేరగానే పంచ్. కొత్తవాళ్లకి రాకపోవడానికి కారణాలు రెండే. ఒకటి, స్టిక్ ముందుకు చేరకుండానే బటన్ నొక్కేయడం. అప్పుడు కూర్చుని మామూలు పంచ్ కొడతాడు. రెండోది, ఊపులో స్టిక్ ముందు-పై మూలకి జారిపోవడం, అప్పుడు ఎగురుతాడు. ముందుకు నడుస్తూ వేస్తే ఇంకో చిక్కు ఉంది. ముందుకు, కిందికి, కింద-ముందుకు అన్నది పైకి ఎగిరి గుద్దే షోర్యూకెన్ దెబ్బ కదా. నడకలోని 'ముందుకు'ని కూడా ఆట కలిపేసుకుని ఫైర్‌బాల్ బదులు పైకి గుద్దిస్తుంది. నడక ఆపి, ఒక్క క్షణం ఆగి వేస్తే పోతుంది. ఇంకోటి: ప్రత్యేక దెబ్బల విషయంలో బటన్ నొక్కడాన్ని లెక్కలోకి తీసుకున్నట్టే వదలడాన్ని కూడా ఆట తీసుకుంటుంది. అది రెండో అవకాశం. అజాగ్రత్తగా ఉంటే అదే అనుకోని ఫైర్‌బాల్ కూడా.

ఇదంతా చేతికి సంబంధించింది. అసలు బుర్ర పెట్టాల్సింది ఇక్కడ: తేలిక పంచ్‌తో వేస్తే హడోకెన్ నెమ్మదిగా పోతుంది, బలమైన పంచ్‌తో వేస్తే వేగంగా పోతుంది. ఒక ఆటగాడిది తెర మీద ఒక్కటే ఉండాలి. అది తగిలి మాయమయ్యేదాకా, లేదా తెర దాటేదాకా రెండోది రాదు. ఈ ఒక్క నియమం మీద ఎంత కట్టారో చూడండి. నెమ్మదిగా పోయేది వేస్తే ఇంకోటి వేసే వీలు పోతుంది, కానీ దాని వెనకే నడిచి జాగా ఆక్రమించొచ్చు. వేగంగా పోయేది త్వరగా ఖర్చవుతుంది, వెంటనే ఇంకోటి సిద్ధం. అవతలివాడు వేగానిదని ఎగిరితే, నెమ్మదిది ఇంకా కిందే ఉంటుంది, వాడు దాని మీదే దిగుతాడు. నెమ్మదిదని ఆగితే, వేగంది ఎగరబోయే పాదాలకు తగులుతుంది. సరిగ్గా ఊహించి ఎగిరాడా, ర్యూ చేతులు ఇంకా చాచే ఉంటాయి, ముఖం మీద కిక్ పడుతుంది. బటన్ ఒకటే మారింది, కదలిక అదే. చూసి తెలుసుకునే లోపే వాడు నిర్ణయం తీసుకోవాలి.

చూసి తెలుసుకోవడం అన్నాను. అక్కడే రెండో సంగతి మొదలవుతుంది, నిజం చెప్పాలంటే దీని కోసమే వచ్చాను.

ఈ ఆట సెకనుకు దాదాపు 60 బొమ్మలు గీస్తుంది. ఒక్కో బొమ్మ ఒక ఫ్రేము, అంటే 16.7 మిల్లీసెకన్లు. మనిషి కన్ను చూసి, వేలు కదలడానికి 200 నుంచి 250 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే 12 నుంచి 15 ఫ్రేములు. ర్యూ ఎగిరి నేలకు దిగడానికి 40 ఫ్రేముల చుట్టుపక్కల పడుతుంది. తేలిక పంచ్ బయటికి రావడానికి నాలుగైదు ఫ్రేములు. లెక్క మీరే వేయండి. ఎగరడాన్ని చూసి కొట్టొచ్చు. తేలిక పంచ్‌ని చూసి ఆపలేం, అది ముందే ఊహించాల్సిందే. చూసి చేసే పనికీ ఊహించి చేసే పనికీ మధ్య సరిహద్దు ఇలా సరిగ్గా పడింది. ఎగిరినవాణ్ణి షోర్యూకెన్‌తో దించితే వచ్చే ఆనందం అంతా అందుకే. 15 ఫ్రేములు చూపుకి పోయాయి, స్టిక్ తిప్పడానికి ఇంకో ఐదారు. మిగిలిందే మీ చేతిలో ఉన్నది.

ఇప్పుడు ఈ యంత్రాన్ని తీసుకెళ్లి ఆలస్యం తగ్గించే గేమ్ మోడ్ పెట్టని పెద్ద టీవీకి తగిలించండి. బొమ్మకి నగిషీలు దిద్దడానికి ఆ టీవీ 100 మిల్లీసెకన్లు తినేసిందనుకోండి, ఆరు ఫ్రేములు పోయాయి. పాత యంత్రాన్ని కంప్యూటర్‌లో అనుకరించే ఎమ్యులేటర్‌ని సరిగ్గా అమర్చకపోతే ఇంకో రెండు మూడు. నాసిరకం వైర్‌లెస్ ప్యాడ్ అయితే ఇంకా పైన. ఎగిరినవాడు కనబడేసరికే వాడు దిగిపోతున్నాడు. షోర్యూకెన్ రాదు, దెబ్బ తింటారు. రెండు ఆటలయ్యాక "పాత ఆట కదా, మొద్దుగా ఉంది" అని లేచి వెళ్లిపోతారు. అయ్యా, మొద్దుబారింది ఆట కాదు! బొమ్మలన్నీ ఉన్నాయి, పాటా ఉంది, తాళం ఒక్కటే తప్పింది. తాళం తప్పితే ఎంత మంచి పాటయినా వినలేం కదా. పాత ఆటల ప్రదర్శనలు పెట్టేవాళ్లు బొమ్మ పదునుగా ఉందా అని పదిసార్లు చూస్తారు. బటన్ నొక్కిన ఎంతసేపటికి చెయ్యి లేస్తోందని ఒక్కసారి చూడరు. చూడండి, దయచేసి చూడండి.

కష్టం కూడా కాదు. సెకనుకు 240 బొమ్మలు తీసే ఫోన్ కెమెరా చాలు. వేలు, బటన్, తెర ఒకే చట్రంలో పడేలా పెట్టి, తేలిక పంచ్ ఓ పదిసార్లు కొట్టి రికార్డు చేయండి. తర్వాత ఒక్కో బొమ్మా జరుపుతూ, బటన్ అడుగుకు ఆనిన దగ్గర్నుంచి పాత్ర కదిలే దాకా లెక్కపెట్టండి. నాలుగు కెమెరా బొమ్మలు ఆటలో ఒక ఫ్రేము. పది కొలతలకూ సగటు తీయండి. ఒక్క కొలతను నమ్మొద్దు, ఎందుకంటే ఫ్రేము మధ్యలో ఎప్పుడు నొక్కామన్నదాన్ని బట్టి కాస్త మారుతుంది. ఆట ఉండే అసలు సర్క్యూట్ బోర్డుకీ ఎంతో కొంత ఆలస్యం ఉంటుంది కాబట్టి సున్నా కోసం వెతక్కండి. పాత సీఆర్‌టీ తెర మీద ఎంత వచ్చింది, మీ టీవీ మీద ఎంత వచ్చింది, ఆ తేడా చూడండి. రెండు ఫ్రేములు దాటితే ముందు గేమ్ మోడ్ పెట్టండి, బొమ్మను నునుపు చేసే అమరికలన్నీ ఆపేయండి, వైరు ఉన్న కంట్రోలర్ వాడండి.

దూరం నుంచి ఆడుకునేవాళ్లదీ ఇదే బాధ. 2006లో టోనీ కానన్ తయారుచేసిన జీజీపీవో అనే నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్ దీనికే పుట్టింది. అవతలివాడి బటన్ వచ్చేదాకా ఆగకుండా, ఏం నొక్కి ఉంటాడో ఊహించి ఆట నడిపిస్తుంది. ఊహ తప్పితే వెనక్కి వెళ్లి సరిదిద్దుకుంటుంది. మీ చేతికీ తెరకీ మధ్య సమయం చెడనివ్వదు. ఇవాళ కొత్త ఫైటింగ్ ఆటలు ఈ పద్ధతినే పట్టుకున్నాయి.

సమయం అయిపోతోందని సైగ చేస్తున్నారు. కాంబోల గురించి, అంటే ఆగకుండా ఒకదాని వెంట ఒకటి తగిలే దెబ్బల గురించి చెప్పాలనుకున్నాను, ఒక్క మాటలో చెప్తాను. అది ముందుగా వేసుకున్న పథకం కాదు. కారు పగలగొట్టే బోనస్ ఘట్టంలో తప్పులు వెతుకుతుంటే, ఒక దెబ్బ తగిలిన వెంటనే ఇంకోటి కలుస్తోందని ఆట తయారీలో ఉన్న నోరిటాకా ఫునామిజు గమనించారు. టైమింగ్ మరీ కష్టం, ఎవరికీ పనికిరాదులే అని తీసేయకుండా ఉంచేశారు. ఆ వదిలేసిన రెండు మూడు ఫ్రేముల మీదే తర్వాతి ఫైటింగ్ ఆటలన్నీ నిలబడ్డాయి.

త్రో, అంటే బ్లాక్ పట్టుకున్నా లెక్కచేయకుండా దగ్గరికెళ్లి పట్టుకుని విసిరేయడం, అన్యాయం అని వాదించేవాళ్లు ఈ సభలోనూ ఉంటారు. కూర్చుని బ్లాక్ పట్టుకున్నవాణ్ణి లేపడానికి ఇంకేం దారి ఉంది, చెప్పండి? త్రో తీసేస్తే మొదట ఆధిక్యం వచ్చినవాడు గడియారం 99 నుంచి సున్నాకి వచ్చేదాకా కూర్చుంటాడు. అన్యాయం కాదది, ఆటను నడిపించేదే అది.

ఇక మూడోది, కాపాడుకోవడం, తొందరగా చెప్తాను. స్ట్రీట్ ఫైటర్ 2కే తర్వాతి రూపమైన 1994 నాటి సూపర్ టర్బో అసలు బోర్డు మీ దగ్గరుంటే వినండి. అది సీపీఎస్-2 అనే కాప్‌కామ్ బోర్డు. అందులో ఆట గుప్తలిపిలో ఉంటుంది, దాన్ని విప్పే తాళంచెవులు ఒక 3.6 వోల్టుల లిథియం బ్యాటరీ బలం మీద బతుకుతాయి. బ్యాటరీ చచ్చిందా, తాళంచెవులు పోతాయి, తెర మీద ఒకే రంగు తప్ప ఏమీ రాదు. బ్యాటరీ కారితే బోర్డు కూడా తినేస్తుంది. మార్చేటప్పుడు లోపలి కెపాసిటర్ కొద్ది నిమిషాలే తాళంచెవులను నిలబెడుతుంది. కాబట్టి కొత్త బ్యాటరీ, వేడెక్కిన సోల్డరింగ్ ఐరన్ సిద్ధంగా ఉంచుకున్నాకే పాతది తీయాలి. ప్లస్ మైనస్ ఒకటికి రెండుసార్లు చూసుకోండి. మార్చిన తేదీ స్టిక్కర్ మీద రాసి పెట్టె మీద అంటించండి. ఇప్పటికే చచ్చిన బోర్డు ఉంటే పారేయకండి, విడిభాగాలకు అమ్మకండి. తాళంచెవులు తిరిగి ఎక్కించే పద్ధతి 2016లో బయటికొచ్చింది, అసలు ఆట మళ్లీ లేస్తుంది.

అటువైపు బల్ల మీద ఒక ఫోన్ కెమెరా, స్టాండు పెట్టించాను. ఇక్కడున్న నాలుగు తెరల్లో ఏది ఎంత ఆలస్యం చేస్తోందో కొలుద్దాం, రండి.