నాపరాయి లోపల

సభకు నమస్కారం. ఒంటరి ప్రయాణాల గురించి మాట్లాడమన్నారు. నేను పెద్ద యాత్రికుణ్ణి కాను. ఆ రోజు కూడా బండలు కొనడానికే బయలుదేరాను. హైదరాబాదులో ఇల్లు కడుతున్నాం. నేలకు టైల్స్ వద్దు, మా నాన్నగారి ఇంట్లోలా నాపరాళ్ళే పరవాలని నా పట్టు. ఆ పట్టు ఇంట్లో ఇంకెవరికీ లేదు కనుక కారులో నేనొక్కణ్ణే ఉన్నాను.

బనగానపల్లె దాటాక ముందు ఒక బండల లారీ తగులుకుంది. పక్కకు తప్పుకోదు, వేగంగానూ పోదు. దాని దుమ్ము తింటూ కొలిమిగుండ్ల దగ్గరికి వచ్చేసరికి ‘బెలుం గుహలు’ అన్న బోర్డు కనబడింది. గుహల మీద మోజుతో కాదు, లారీ మీద విసుగుతో బండి తిప్పాను. పక్క సీటులో ఎవరైనా ఉంటే ‘ఇప్పుడు గుహలేమిటి, తాడిపత్రిలో పని చూసుకోక’ అనేవారు.

అక్కడ కొండ లేదు. గుహ అంటే కొండ కావాలని కదా మన లెక్క! చదునైన నేలలో, చేల మధ్య, బావుల్లాంటి గోతులు మూడు. నడిమి దానిలోకి మెట్లు దిగుతాయి. బెలుం అన్న పేరు ‘బిలం’ నుంచి వచ్చిందంటారు. చూశాక నాకు అనుమానం లేదు.

దిగితే చల్లగా ఉంటుందనుకున్నాను. ఉక్క! గొట్టాల్లోంచి గాలి పంపుతున్నా పది నిమిషాల్లో చొక్కా ఒంటికి అంటుకుపోయింది. దీపం పక్కన గోడను చేత్తో తడిమి చూశాను. నల్లగా, పొరలు పొరలుగా, అంచుల్లో నున్నగా ఉంది. ఎక్కడో తాకిన రాయే అనిపించింది. ఎక్కడో ఏమిటి, చిన్నప్పుడు ఎండాకాలం మధ్యాహ్నాలు చెంప ఆనించి పడుకున్న నేలే అది. నేను కొనబోతున్న రాతి లోపలే నిలబడి ఉన్నాను.

కోట్లాది ఏళ్ళ కిందట ఇక్కడున్న సముద్రం అడుగున పేరుకున్న సున్నపురాయి ఇది. వాన నీరు గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని కాస్త పుల్లబడుతుంది. ఆ నీరు పగుళ్ళలో దిగి రాయిని కరిగిస్తుంది. అలా కరిగిన సున్నాన్నే మళ్ళీ చుక్కచుక్కగా పైకప్పుకు వదిలితే మర్రి ఊడల్లా రాయి వేలాడుతుంది. ఒకచోట ఆ ఊడల వల్లే మర్రిచెట్టు పేరు పెట్టారు. మరోచోట కోటిలింగాలు. కొట్టి చూస్తే స్వరాలు పలికే ఊడలున్న గదికి సప్తస్వరాల గుహ అని పేరు. నేనూ వేలి కణుపుతో మెల్లగా తట్టాను, పలికింది. (ఇప్పుడు మీరెవరూ వెళ్ళి తట్టకండి, అందరూ తడితే ఏమీ మిగలదు.)

1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త ఈ గుహల సంగతి రాశారు. తరవాత సుమారు వందేళ్ళు పట్టించుకున్నవారు లేరు, పైగా చెత్త తెచ్చి పోసేవారట. 1980ల్లో హెర్బర్ట్ డేనియల్ గెబావర్ బృందం జర్మనీ నుంచి వచ్చి లోపలంతా పాకి కొలిచింది. 3,229 మీటర్లు తేలింది. మేఘాలయలో ఇంతకంటే పొడవైనవి ఉన్నాయి కాబట్టి ‘ఎన్నో స్థానం’ అన్న తగాదాలోకి నేను దిగను. 2002లో పర్యాటకులకు తెరిచారు, సుమారు కిలోమీటరున్నర చూడవచ్చు. అన్నిటికంటే లోతున, ద్వారం నుంచి 46 మీటర్ల కింద, పాతాళగంగ ఉంది. పేరు విని పెద్దగా ఊహించుకోకండి, సన్నని ధార. రాతి కింద మాయమైపోతుంది. అక్కడ వంగి నిలబడి చాలాసేపు విన్నాను. ఇంత పనీ చేసింది ఆ కాస్త నీళ్ళే.

తాడిపత్రి చేరేసరికి దుకాణాయన తలుపు దించబోతున్నాడు. బండ మీద చెంబెడు నీళ్ళు పోసి రంగు చూపించాడు. ‘ఎందుకండీ ఆలస్యం?’ అన్నాడు. బెలుం చూసి వస్తున్నానన్నాను.

‘అట్లాగా. ముప్పై ఏళ్ళుగా రాయి అమ్ముతున్నాను, ఇంతవరకు చూడలేదు సార్’ అంటూ, బీట ఉందేమోనని బండను వేలి కణుపుతో తట్టాడు. ఖంగుమంది.

‘ఇంకొక్కసారి తట్టండి’ అన్నాను.